ఒంట్లో ఏ ఇబ్బందీ లేనప్పుడే కొలనోస్కోపీ: వాయిదా పడకుండా చేయించుకోవడం ఎలా

డాక్టర్ "వయసు 45 దాటింది కదా, ఒకసారి కొలనోస్కోపీ చేయించుకోండి" అనగానే చాలామంది చెప్పే సమాధానం ఒకటే, "నాకేం ఇబ్బంది లేదు కదండీ, మోషన్ రోజూ బానే అవుతోంది, ఏదైనా తేడా వస్తే అప్పుడు చూద్దాం" అని. వినడానికి సబబుగానే ఉంటుంది కానీ కెమెరా ఉన్న సన్నటి గొట్టంతో పెద్దపేగు లోపల చూసే ఈ టెస్ట్ విషయంలో ఆ లెక్క పూర్తిగా తిరగబడుతుంది, ఎందుకంటే స్క్రీనింగ్ కొలనోస్కోపీ పెట్టిందే ఏ ఇబ్బందీ లేనివాళ్ల కోసం. ఇబ్బంది మొదలయ్యాక చేసేదాన్ని స్క్రీనింగ్ అనరు, అది జబ్బు ఎక్కడుందో వెతకడం. వాడే గొట్టం ఒకటే కావచ్చు, కానీ అప్పటికి దొరికేది వేరేగా ఉండొచ్చు. ఇది చదివేవాళ్లలో ఎన్నాళ్లుగానో "వచ్చే నెల చూద్దాం" అంటున్నవాళ్లు ఖచ్చితంగా ఉంటారు, వాళ్లు ఇవాళే ఫోన్ చేసి డేట్ తీసుకోవాలనే నా ఆశ, అందుకే అన్నీ వివరంగా రాస్తున్నా.

లోపల అసలేం జరుగుతుంది

పెద్దపేగు సుమారు ఒకటిన్నర మీటర్ల పొడవుంటుంది. దాని లోపలి పొర మీద వయసు పెరిగేకొద్దీ చిన్న చిన్న బుడిపెల్లాంటివి వస్తుంటాయి, వాటినే పాలిప్స్ అంటారు. అన్నీ ఒకటే రకం కాదు, ముఖ్యంగా పట్టించుకోవాల్సింది అడెనోమా అనే రకాన్ని, ఇంకా గోడకి పలచగా అతుక్కుని కనీకనపడకుండా ఉండే సెరేటెడ్ రకాన్ని. ఎక్కువ శాతం పాలిప్స్ ఎప్పటికీ క్యాన్సర్ అవ్వవు, ఆ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే రిపోర్ట్‌లో పాలిప్ అని చూసి వణికిపోయేవాళ్లు ఉంటారు. కానీ పెద్దపేగు క్యాన్సర్ వైపు నుంచి చూస్తే చాలా మటుకు మొదలయ్యేది ఏదో ఒక పాలిప్‌తోనే, అలా మారడానికి సాధారణంగా పదేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది.

ఆ పదేళ్లూ మనకి తెలియదు. పేగు లోపలి పొరకి మన చర్మానికి తెలిసినట్టు నొప్పి తెలియదు, చిన్న పాలిప్ దారికి అడ్డం పడదు, రక్తం కారినా కంటికి కనపడనంత కొద్దిగా కారుతుంది. అంటే నొప్పి వచ్చేదాకా ఆగుదాం అనుకోవడం అంటే ఆ పాలిప్‌ని తేలిగ్గా తీసేయగలిగిన సంవత్సరాలన్నీ చేతులారా వదిలేసుకోవడమే. స్క్రీనింగ్ టెస్టుల్లో చాలావరకు జబ్బుని తొందరగా కనిపెట్టేవే, కొలనోస్కోపీ ఇంకో అడుగు ముందుకెళ్తుంది, కనపడ్డ పాలిప్‌ని అప్పటికప్పుడు, అదే సిటింగ్‌లో తీసేస్తుంది, క్యాన్సర్ అవ్వకముందే. ఈ తీసేయడం 1969లో న్యూయార్క్‌లో విలియం వుల్ఫ్, హిరోమీ షిన్యా అనే డాక్టర్లు స్కోప్, అంటే ఆ గొట్టం ద్వారా మొదలుపెట్టారు, అంతకుముందు అయితే లోపలి పాలిప్ తీయాలంటే పొట్ట కోయాల్సిందే.

క్యాన్సరే అయినా ఎప్పుడు దొరికిందనేది చాలా పెద్ద తేడా. అమెరికా లెక్కల ప్రకారం పేగు గోడ దాటకముందే దొరికితే 5 ఏళ్ల తర్వాత బతికి ఉండేవాళ్లు సుమారు 90 శాతం, కాలేయానికో ఊపిరితిత్తులకో పాకిన తర్వాత దొరికితే అది 20 శాతం కంటే తక్కువకి పడిపోతుంది. ప్రపంచం మొత్తం మీద క్యాన్సర్ చావుల్లో రెండో స్థానం దీనిదే, 2022లో దాదాపు 9 లక్షల మంది పోయారు. ముందుగా అడ్డుకోగలిగిన జబ్బుతో ఇంతమంది పోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఎవరు ఎప్పుడు చేయించుకోవాలి

కుటుంబంలో ఎవరికీ లేదు, మీకు ప్రత్యేకమైన రిస్క్ లేదు అనుకుంటే అమెరికా మార్గదర్శకాల్లో మొదలుపెట్టాల్సిన వయసు 45. ఇంతకుముందు 50 ఉండేది, చిన్న వయసులో కేసులు పెరుగుతుండటంతో అమెరికన్ క్యాన్సర్ సొసైటీ 2018లో, ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్ 2021లో 45కి దించాయి. 75 దాకా చేయించుకోమంటారు, 76 నుంచి 85 మధ్య మాత్రం ఆరోగ్యం చూసి డాక్టర్‌తో కలిసి నిర్ణయించుకోవడమే. అన్ని దేశాల్లో ఒకేలా ఉండదు, కొన్ని చోట్ల 50 నుంచే, కొన్ని చోట్ల ముందు మలపరీక్ష చేసి తేడా ఉంటేనే కొలనోస్కోపీ, మీరున్న చోట పద్ధతి ఏంటో అడిగి తెలుసుకోండి.

కానీ ఇంట్లో ఎవరికైనా ఉంటే ఈ 45 లెక్క మీకు వర్తించదు. అమ్మ, నాన్న, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లలు, వీళ్లలో ఒకరికి 60 ఏళ్ల లోపు పెద్దపేగు క్యాన్సర్ గానీ ముదిరిన రకం అడెనోమా గానీ వచ్చి ఉంటే మీరు 40కే మొదలుపెట్టాలి, లేదా వాళ్లకి బయటపడిన వయసుకి 10 తీసేస్తే ఎంత వస్తే అప్పుడు, రెండిట్లో ఏది ముందైతే అది. నాన్నకి 48లో బయటపడితే మీకు 38కే అన్నమాట, ఆ తర్వాత 5 ఏళ్లకోసారి. వంశపారంపర్యంగా వచ్చి ఈ క్యాన్సర్ రిస్క్‌ని బాగా పెంచే లించ్ సిండ్రోమ్ ఉంటే 20ల్లోనే మొదలుపెట్టి ఏడాదికో రెండేళ్లకో ఒకసారి చూస్తూ ఉండాలి. పేగులో ఏళ్ల తరబడి వాపు ఉండే జబ్బులు, అంటే అల్సరేటివ్ కొలైటిస్, లేదా పెద్దపేగుకి వచ్చిన క్రోన్స్ జబ్బు ఉన్నవాళ్లకి జబ్బు మొదలైన సుమారు 8 ఏళ్ల నుంచి వేరే షెడ్యూల్ నడుస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లు "కడుపులో ఏదో గడ్డ వచ్చి పోయారు" అని చెప్పే కథల్ని అక్కడితో వదిలేయకుండా ఏ అవయవం, ఏ వయసు అని అడగండి, ఈ రెండు వివరాల మీదే మీ డేట్ ఆధారపడి ఉంటుంది.

ఇంకో మాట, ఇది చాలా ముఖ్యం. మోషన్‌లో రక్తం, నల్లగా తారులా మోషన్ అవ్వడం, కారణం తెలియని రక్తహీనత, వారాల తరబడి మోషన్ అలవాటు మారిపోవడం, ప్రయత్నం లేకుండా బరువు తగ్గడం, వీటిలో ఏదైనా ఉంటే మీరు స్క్రీనింగ్ క్యూలో నిలబడాల్సిన మనిషి కాదు, వయసు 30 అయినా సరే వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. "మొలలే అయ్యుంటాయిలే" అని మనకి మనమే డయాగ్నోసిస్ చేసుకోవడం వల్ల పోయే నెలలు తిరిగిరావు. మొలలు ఉన్నవాళ్లకి పాలిప్ ఉండకూడదనే రూల్ కూడా లేదు.

కొలనోస్కోపీ అంటే అసలు ఇష్టం లేకపోతే

అప్పుడూ దారి ఉంది. ఫిట్ అనే మలపరీక్ష ఇంట్లోనే శాంపిల్ తీసి ఇచ్చేది, కంటికి కనపడని రక్తాన్ని పట్టుకుంటుంది, ముందుగా పేగు శుభ్రం చేసుకునే ప్రిపరేషన్ లేదు, మత్తు లేదు, కానీ ప్రతి ఏడాదీ చేయించాలి, కొన్ని దేశాల ప్రోగ్రాముల్లో రెండేళ్లకోసారి. సీటీ కొలనోగ్రఫీ అని స్కాన్ కూడా ఉంది, 5 ఏళ్లకోసారి, దానికి మాత్రం పేగు శుభ్రం చేసుకోవాల్సిందే. ఇవి తక్కువ రకం పరీక్షలేం కాదు, అసలు ఏదీ చేయించుకోకుండా కొలనోస్కోపీ గురించి పదేళ్లు ఆలోచిస్తూ కూర్చోవడం కంటే ఈ ఏడాది ఫిట్ చేయించుకోవడం ఎంతో మేలు. ఎక్కువ రిస్క్ ఉన్నవాళ్లకి మాత్రం ఇది సరిపోదు, వాళ్లకి కొలనోస్కోపీయే.

ఒక్క షరతు, ఫిట్ పాజిటివ్ వస్తే తర్వాత కొలనోస్కోపీ తప్పదు. ఇక్కడ చాలామంది చేసే పని ఏంటంటే ఇంకోసారి ఫిట్ చేయించి నెగెటివ్ వచ్చేసరికి హమ్మయ్య అనుకుని వదిలేయడం. అలా చేయకండి, పాలిప్ రోజూ రక్తం కార్చదు, రెండోసారి నెగెటివ్ వచ్చినంత మాత్రాన మొదటిది తప్పని కాదు. పాజిటివ్ తర్వాత వీలైనంత త్వరగా చేయించుకోవాలి, దాదాపు 10 నెలలు దాటేదాకా ఆలస్యం చేసినవాళ్లలో క్యాన్సర్ బయటపడే అవకాశం, అది కూడా ముదిరిన దశలో, ఎక్కువని 2017లో వచ్చిన పెద్ద అధ్యయనంలో తేలింది.

ఇంకోటి కూడా చెప్పాలి, "కొలనోస్కోపీతో పెద్ద ఉపయోగం లేదట" అని 2022లో చాలా ఫార్వర్డ్స్ తిరిగాయి. ఆ అధ్యయనం నార్వే, పోలండ్, స్వీడన్‌లలో జరిగింది, కొలనోస్కోపీకి రమ్మని పిలిచినవాళ్లందర్నీ ఒక గుంపుగా, పిలవనివాళ్లని ఇంకో గుంపుగా చూస్తే పదేళ్లలో క్యాన్సర్ రిస్క్ 18 శాతమే తగ్గింది. కానీ పిలిచినవాళ్లలో నిజంగా వచ్చి చేయించుకున్నది 42 శాతం మందే, మిగతావాళ్లు రాలేదు, రాకపోయినా లెక్కలో ఉన్నారు. నిజంగా చేయించుకున్నవాళ్ల మీద అంచనా వేస్తే తగ్గుదల 31 శాతం దాకా కనిపించింది. హెడ్‌లైన్ చదివి వదిలేసినవాళ్లకి ఈ ముక్క చేరలేదు.

వాయిదా ఎక్కడ పడుతుంది

"చేయించుకోను" అని ఖరాఖండిగా చెప్పేవాళ్లు తక్కువ. ఎక్కువమంది విషయంలో చిన్న చిన్న పనులు ఆగిపోతాయి, రిఫరల్ కాగితం పర్సులోనే ఉండిపోవడం, తోడు ఎవరొస్తారో తేల్చుకోకపోవడం, లీవ్ పెట్టకపోవడం, ఆ వారం ఇంకేదో ఫంక్షన్ పడటం. అందుకే నా సలహా ఏంటంటే మనసు పూర్తిగా సిద్ధమయ్యేదాకా ఆగకుండా ముందు డేట్ తీసుకోండి, భయం ఉంటే ఉండనివ్వండి, డేట్ ఉన్న భయం వేరు లేని భయం వేరు. డేట్ రాగానే అదే రోజు మూడు పనులు చేసేయండి, తోడు వచ్చే మనిషికి చెప్పడం, పరీక్ష రోజుకీ ముందు రోజు సాయంత్రానికీ సెలవు పెట్టడం, ప్రిపరేషన్ మందు తెచ్చి ఇంట్లో పెట్టుకోవడం. మందు కళ్లముందు ఉంటే కాన్సిల్ చేయాలనిపించదు, ఇది చాలామందిలో చూశా. కుదిరితే పొద్దున స్లాట్ అడగండి, ఆకలితో ఎదురుచూసే టైమ్ తగ్గుతుంది.

సిగ్గు సంగతి కూడా మాట్లాడుకోవాలి, మన దగ్గర దీని గురించి ఎవరూ పైకి అనరు కానీ లోపల అదే పెద్ద అడ్డంకి, ముఖ్యంగా ఆడవాళ్లకి. లేడీ డాక్టర్ కావాలని అడగొచ్చు, అడిగితే ఎవరూ తప్పుపట్టరు. పరీక్ష టైమ్‌లో దుప్పటి కప్పే ఉంచుతారు, అవసరమైనంత మేరకే తీస్తారు, అక్కడున్నవాళ్లకి రోజుకి ఎన్నో కేసులు, వాళ్ల చూపంతా స్క్రీన్ మీదే. పీరియడ్స్ వచ్చినా వాయిదా వేయాల్సిన పనిలేదు, టాంపాన్ వాడొచ్చు, ముందు నర్సుకి చెబితే చాలు. అమెరికాలో టీవీ యాంకర్ కేటీ కూరిక్ భర్త 1998లో 42 ఏళ్లకే ఈ క్యాన్సర్‌తో చనిపోయారు, ఆవిడ 2000 మార్చిలో తన కొలనోస్కోపీనే టీవీలో చూపించారు, తర్వాతి నెలల్లో అక్కడ కొలనోస్కోపీలు సుమారు 20 శాతం పెరిగాయి. ఒక మనిషి సిగ్గు పక్కన పెట్టి మాట్లాడితే ఎంతమంది కదులుతారో చూడండి, ఇంట్లో మీరూ ఆ పని చేయొచ్చు.

డేట్ తీసుకునేటప్పుడు డాక్టర్‌ని అడగాల్సినవి

స్కోప్ పెట్టేవాళ్ల నైపుణ్యం మీద ఫలితం చాలా ఆధారపడి ఉంటుంది, అందుకే అడగడానికి మొహమాటపడొద్దు. మీ అడెనోమా డిటెక్షన్ రేట్ ఎంత అని అడగండి, అంటే స్క్రీనింగ్ చేసిన నూరుమందిలో ఎంతమందిలో కనీసం ఒక అడెనోమా పట్టుకున్నారని. 2024 అమెరికన్ ప్రమాణాల్లో ఇది కనీసం 35 శాతం ఉండాలంటారు. 2014లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో ఈ రేటు ఒక్క శాతం పెరిగినప్పుడల్లా ఆ డాక్టర్ చూసిన పేషెంట్లకి తర్వాత క్యాన్సర్ వచ్చే రిస్క్ సుమారు 3 శాతం తగ్గుతూ వచ్చింది. పాలిప్ దొరికితే అదే సిటింగ్‌లో తీస్తారా, మత్తు ఏ రకం ఇస్తారు, పేగు విప్పారడానికి లోపలికి పంపే గాలికి బదులు కార్బన్ డయాక్సైడ్ వాడతారా, ఇవి కూడా అడగొచ్చు, కార్బన్ డయాక్సైడ్ అయితే త్వరగా ఒంట్లోకి పీల్చుకుపోతుంది కాబట్టి తర్వాత ఉబ్బరం తక్కువ.

మందుల లిస్ట్ మొత్తం ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి. ఐరన్ మాత్రలు మామూలుగా ఓ వారం ముందు ఆపమంటారు, అవి మలాన్ని నల్లగా చేసి గోడకి పట్టించేస్తాయి. రక్తం పలుచన చేసే మందులు, అంటే వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్, అపిక్సబాన్ లాంటివి, వాటిని మీ అంతట మీరు ఆపొద్దు, ఆపాలా వద్దా, ఎన్ని రోజులు అనేది గుండె డాక్టరూ ఈ డాక్టరూ కలిసి చెప్పాలి, స్టెంట్ వేయించుకున్నవాళ్లకి ఇది ప్రాణం మీదకొచ్చే విషయం. తక్కువ డోసు ఆస్పిరిన్ చాలామందికి కొనసాగించమనే అంటారు. షుగర్ ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్త, తిండి తగ్గే రోజు మామూలు డోసు ఇన్సులిన్ వేస్తే షుగర్ పడిపోతుంది, డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు 3 రోజుల ముందే ఆపమంటారు, సెమాగ్లుటైడ్ లాంటి ఇంజెక్షన్లు కడుపు ఖాళీ అవ్వడాన్ని నెమ్మది చేస్తాయి కాబట్టి మత్తు డాక్టర్‌కి ముందే తెలియాలి. కిడ్నీ, గుండె సమస్య ఉన్నవాళ్లు తప్పకుండా చెప్పాల్సింది ఆ సంగతే, సోడియం ఫాస్ఫేట్ రకం ప్రిపరేషన్ మందు కిడ్నీకి మంచిది కాదు, వేరేది రాస్తారు.

ప్రిపరేషన్, అసలు కష్టమంతా ఇదే

చేయించుకున్న ఎవర్నడిగినా పరీక్ష తెలియనే లేదు, ముందు రోజు రాత్రే ఇబ్బంది అంటారు, అది నిజం. దాచిపెట్టి లాభం లేదు. కానీ పరీక్ష ఫలితం సగం మీ చేతిలో ఉండేది కూడా ఇక్కడే. పేగు శుభ్రం కాకపోతే మురికి పట్టిన అద్దంలోంచి చూసినట్టే, గోడకి అతుక్కున్న చదును పాలిప్ ఆ మురికి కింద దాగిపోతుంది, అంత కష్టపడి చేయించుకుని మళ్లీ ఏడాదిలోపే చేయించుకోమంటారు.

రెండు మూడు రోజుల ముందు నుంచి పీచు తక్కువ తిండి తినమని చాలా చోట్ల చెబుతారు, ఈమధ్య మార్గదర్శకాల్లో రిస్క్ తక్కువ ఉన్నవాళ్లకి ముందు రోజు ఒక్కటి చాలంటున్నారు, మీకిచ్చిన కాగితంలో ఏది ఉంటే అదే పాటించండి, ఫ్రెండ్ చెప్పింది కాదు. మానేయాల్సినవి గింజలు, విత్తనాలు, పప్పులు, పచ్చి కూరగాయలు, తొక్కతో తినే పళ్లు, పొట్టుతో ఉన్న ధాన్యాలు. తినదగినవి పాలిష్ చేసిన తెల్లన్నం, గుడ్డు, తొక్క తీసి ఉడికించిన బంగాళదుంప, చేప, చికెన్ లాంటివి. విత్తనాలెందుకొద్దంటే అవి మందుకి కరగవు, స్కోప్‌లో నీళ్లు పీల్చే సన్నటి దారికి అడ్డుపడతాయి.

తర్వాత క్లియర్ లిక్విడ్స్ దశ, అంటే గ్లాసులో పోస్తే అటువైపు కనపడేలాంటివి, వడకట్టిన సూప్ నీళ్లు, పాలు లేని టీ, గుజ్జు లేని యాపిల్ జ్యూస్, ఓఆర్ఎస్. ఎరుపు, ఊదా రంగువి తాగొద్దు, లోపల రక్తంలా కనపడి గందరగోళం చేస్తాయి. ఉత్త నీళ్లే లీటర్లకొద్దీ తాగకండి, విరేచనాలతో పాటు లవణాలు కూడా పోతుంటాయి, అందుకే ఉప్పు, చక్కెర ఉన్న ద్రవాలు కలిపి తాగడం మంచిది.

ఇక మందు. ఎక్కువగా ఇచ్చేది పాలీఇథిలీన్ గ్లైకాల్, అది ఒంటికి పట్టదు, నీళ్లని పేగులోనే పట్టి ఉంచి అంతా కడిగేసుకుంటూ వచ్చేస్తుంది. ఒకేసారి మొత్తం తాగడం కంటే సగం ముందు రోజు సాయంత్రం, సగం పరీక్షకి 4 నుంచి 6 గంటల ముందు తాగే పద్ధతి చాలా బెటర్, ఇది బాగా రుజువైన విషయం. రెండో సగం కోసం తెల్లవారుజామున లేవాల్సి రావొచ్చు, విసుగనిపిస్తుంది కానీ చిన్నపేగు నుంచి రాత్రంతా దిగే జిగట ద్రవం పెద్దపేగు మొదటి భాగానికి పట్టేస్తుంది, చదునైన పాలిప్స్ ఎక్కువ దాక్కునేది కూడా ఆ కుడివైపే, దాన్ని కడిగేది ఈ పొద్దుటి డోసే. పరీక్షకి కనీసం 2 గంటల ముందు తాగడం పూర్తిగా ఆపేయాలి, మీ సెంటర్‌లో ఇంకా ముందే ఆపమంటే అదే ఫాలో అవ్వండి.

తాగేటప్పుడు బాగా చల్లబరచండి, స్ట్రా నాలుక వెనక భాగం మీదికి పెట్టుకుని తాగితే రుచి తక్కువ తెలుస్తుంది, ప్రతి గ్లాసు తర్వాత నిమ్మ ముక్క చప్పరించండి. వికారం వస్తే ఓ అరగంట ఆగి మళ్లీ నెమ్మదిగా మొదలుపెట్టండి, కానీ మానేయొద్దు. మొత్తం వాంతి అయిపోతే సెంటర్‌కి ఫోన్ చేయండి, వాళ్ల దగ్గర దీనికి మందులుంటాయి. మొదటి గ్లాసు తర్వాత అరగంటకే కావచ్చు, మూడు గంటలకి కావచ్చు, మొదలైతే మాత్రం టాయిలెట్‌కి దూరంగా ఉండలేరు, ఫోన్ చార్జర్ దగ్గర పెట్టుకోండి, మెత్తటి తడి వైప్స్ తెచ్చుకోండి, మొదటి మోషన్‌కి ముందే మలద్వారం చుట్టూ వాజిలిన్ రాసుకోండి, ఈ ఒక్క చిట్కా ఆ రాత్రిని చాలా తేలిక చేస్తుంది. మామూలుగానే మలబద్ధకం ఉన్నవాళ్లు ముందే చెప్పండి, వాళ్లకి ఎక్కువ మందు అవసరం పడొచ్చు.

శుభ్రమైందని ఎలా తెలుస్తుంది? చివర్లో వచ్చేది మూత్రంలా పలచగా, లేత పసుపుగా, అడుగు కనపడేలా ఉండాలి. ఇంకా గోధుమ రంగుగా, మడ్డిలా వస్తుంటే బయల్దేరకముందే ఫోన్ చేసి చెప్పండి, చాలాసార్లు ఇంకొంత మందు తాగమంటారు లేదా టైమ్ కాస్త జరుపుతారు.

పరీక్ష రోజు

ఇక్కడ ఎక్కువ చెప్పడానికేం లేదు. వెనక తెరుచుకునే గౌను ఇస్తారు, చేతికి ఐవీ పెడతారు, ఎడమ పక్కకి తిరిగి పడుకోమంటారు. మత్తుకి ప్రొపోఫోల్ అయితే పూర్తిగా నిద్రలోకి వెళ్లిపోతారు, మిడజోలం లాంటివి అయితే మగతగా ఉంటుంది, కొన్ని దేశాల్లో మత్తు లేకుండానే చాలామంది చేయించుకుంటారు, అదీ అడగొచ్చు. వేలంత మందం ఉన్న, వంగే గొట్టం మలద్వారం నుంచి లోపలికి వెళ్లి పెద్దపేగు మొదలైన సీకం దాకా చేరుతుంది, అసలు చూడటమంతా వెనక్కి తీసేటప్పుడు జరుగుతుంది, అందుకే ఆ వెనక్కి తీసే టైమ్ కనీసం 6 నిమిషాలుండాలని పాత ప్రమాణం, ఇప్పుడు 8 అంటున్నారు. పాలిప్ కనపడితే సన్నటి తీగ ఉచ్చుతో కోసి తీసేస్తారు, మెలకువగా ఉన్నా అది నొప్పి తెలియదు. మొత్తం 20 నుంచి 40 నిమిషాలు.

రిస్క్ అసలు లేదని చెప్పను. పదివేల కొలనోస్కోపీల్లో సుమారు 3 చోట్ల పేగుకి చిల్లు పడటం, సుమారు 15 చోట్ల గట్టిగా రక్తస్రావం అవ్వడం జరుగుతుంది, పాలిప్ తీసినప్పుడు రిస్క్ కొంచెం ఎక్కువ. వయసు బాగా మీద పడ్డవాళ్లలో, గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లలో డాక్టర్ ఆలోచించి చెప్పేది ఇందుకే.

తర్వాత గ్యాస్ బాగా ఉంటుంది, బిగబట్టకండి, వదిలేయండి, నడిస్తే త్వరగా పోతుంది. మత్తు తీసుకుంటే 24 గంటలు బండి నడపొద్దు, ముఖ్యమైన కాగితాల మీద సంతకాలు పెట్టొద్దు. డాక్టర్ బయటికొచ్చి చెప్పింది మీకు విన్నట్టే ఉంటుంది కానీ సాయంత్రానికి గుర్తుండదు, తోడు వచ్చినవాళ్లని పక్కన కూర్చోబెట్టి రాసుకోమనండి. తగ్గని గట్టి కడుపునొప్పి, పొట్ట రాయిలా బిగుసుకుపోవడం, జ్వరం, మళ్లీ మళ్లీ రక్తం పడటం, వీటిలో ఏదొచ్చినా ఎమర్జెన్సీకి వెళ్లాలి. పాలిప్ తీసిన చోట రక్తస్రావం రెండు వారాల దాకా ఎప్పుడైనా రావొచ్చు, అందుకే ఆ పదిహేను రోజుల్లో దూర ప్రయాణం పెట్టుకునే ముందు డాక్టర్‌ని అడగండి.

రిపోర్ట్ చదవడం

"అంతా నార్మలేనండి" అన్న మాటతో వచ్చేయకండి, కాపీ తీసుకోండి. చూడాల్సినవి ఇవి: స్కోప్ సీకం దాకా వెళ్లిందా, పేగు ఎంత శుభ్రంగా ఉంది (బోస్టన్ స్కేల్ అని 9కి మార్కులు వేస్తారు, మొత్తం కనీసం 6, మూడు భాగాల్లో ప్రతి దానికీ కనీసం 2 ఉండాలి), ఎన్ని పాలిప్స్, ఏ సైజు, మొత్తంగా తీశారా. తీసిన పాలిప్‌ని ల్యాబ్‌లో పరీక్షించి ఇచ్చే బయాప్సీ రిపోర్ట్ తర్వాత కొన్ని రోజులకి వస్తుంది, దాన్ని మీరే అడిగి తెచ్చుకోవాలి, ఎవరూ ఫోన్ చేయలేదంటే అంతా బాగున్నట్టు కాదు.

మళ్లీ ఎప్పుడనేది వీటి మీదే ఉంటుంది. అమెరికా మార్గదర్శకాల ప్రకారం ఏమీ లేకపోతే, పేగు శుభ్రంగా ఉంటే 10 ఏళ్ల దాకా పనిలేదు. 10 మిల్లీమీటర్ల లోపు మామూలు అడెనోమాలు ఒకటి రెండు ఉంటే 7 నుంచి 10 ఏళ్లు, మూడు నాలుగు ఉంటే 3 నుంచి 5 ఏళ్లు, 10 మిల్లీమీటర్లు అంతకంటే పెద్దది ఉన్నా, 5 నుంచి 10 దాకా ఉన్నా 3 ఏళ్లు. ఆ సంవత్సరం ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి, ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో కూడా పెట్టించండి, పదేళ్లలో ఫోన్లు మారతాయి, డాక్టర్లు మారతారు.

రిపోర్ట్‌లో అడ్వాన్స్‌డ్ అడెనోమా అనో, హై గ్రేడ్ డిస్ప్లాసియా అనో, విల్లస్ అనో ఉంటే (మూడూ ముదిరిన రకం పాలిప్‌ని సూచించే మాటలే) అది మీ ఒక్కరి విషయం కాదు, మీ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లలు ఎప్పుడు మొదలుపెట్టాలో కూడా దాన్నిబట్టి మారుతుంది. ఆ పేజీ ఫోటో తీసి వాళ్లకి పంపండి, మీకు అది బయటపడిన వయసు పక్కన రాయండి, ఆ వయసులోంచి 10 తీసేస్తే వచ్చే అంకె, లేదా 40, ఈ రెండిట్లో ఏది తక్కువైతే ఆ వయసుకల్లా వాళ్లు డాక్టర్‌తో మాట్లాడాలని కూడా రాయండి, మర్చిపోతామనుకుంటే బయాప్సీ రిపోర్ట్ చేతికొచ్చిన రోజే పంపేయండి.